పొగకు దారి ముందు, పెట్టె తర్వాత

(తిరుపతిలో ఒక అపార్ట్‌మెంట్ మేడ మీద ఆదివారం సాయంత్రం నివాసులు పెట్టుకున్న సమావేశంలో, ఇరవై ఏళ్ళుగా కిచెన్ చిమ్నీలు బిగిస్తున్న ఒక ఫిట్టర్ మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. మైకు వద్దన్నాను, సెక్రటరీ సారు వినలేదు. నాకు నిచ్చెన ఎక్కి మాట్లాడటం అలవాటే గానీ, ఇట్లా పదిమంది ముందు నిలబడి మాట్లాడటం అలవాటు లేదు. మధ్యలో ఆగిపోతే ఎవరైనా ఒక ప్రశ్న వేసి కాపాడండి.

నన్ను ఎందుకు పిలిచారో మీకు తెలుసు. పోయిన దసరా ఆఫర్లలో ఈ అపార్ట్‌మెంట్‌లో ఐదిళ్ళ వాళ్ళు చిమ్నీలు కొన్నారు. అందులో మూడిళ్ళలో వంటింట్లో తిరువాత వేస్తే ఇప్పటికీ హాల్లో కూర్చున్నవాళ్ళు దగ్గుతున్నారు. కంపెనీ మనిషి వచ్చి చూసి మోటారు బాగుందని చెప్పి పోయాడు. అతను అబద్ధం చెప్పలేదు. నిన్న నేనూ విప్పి చూశాను, మోటారు శుభ్రంగా తిరుగుతోంది. మరి తప్పెక్కడ?

ఒక మాట అడుగుతాను. మీ వంటింటి పొగ ఏ గోడలోంచి, ఏ ఎత్తులో బయటికి పోతుందో మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. నలుగురు. అక్కా, మీరు ఎత్తి మళ్ళీ దించేశారు. (నవ్వులు)

నాకు రోజుకు రెండు మూడు ఫోన్లు వస్తాయి. అందరూ అడిగేది ఒకటే, "అన్నా, ఏ కంపెనీ మంచిది?" అని. నేను తిరిగి అడుగుతాను, "పొయ్యి వెనకాల గోడ బయటి గోడేనా?" అని. అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత, "అదంతా షాపువాళ్ళే చూసుకుంటామన్నారు అన్నా" అంటారు. షాపువాడు చూసుకునేది పెట్టెను. గొట్టం సంగతి అతనికి పట్టదు, అతను మీ ఇంటికి రాలేదు కూడా. ఇన్నేళ్ళ పనిలో నాకు అర్థమైంది ఇదే: చిమ్నీ అంటే గోడకు వేలాడే ఆ నల్ల అద్దం పెట్టె కాదు. దాని వెనకాల ఉండే గొట్టం. ఈ పూట నేను చెప్పేదంతా ఆ గొట్టం చుట్టూనే తిరుగుతుంది. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత విసుక్కోకండి.

మా అవ్వ వాళ్ళది పుత్తూరు దగ్గర పల్లె. మట్టి మిద్దె ఇల్లు. పొయ్యికి సరిగ్గా పైన మిద్దెలో ఒక రంధ్రం ఉండేది, గవాక్షి అనేవాళ్ళు. వాన వస్తే మేడెక్కి దాని మీద పగిలిన కుండ బోర్లించేవాళ్ళం. అదే ఆ ఇంటి చిమ్నీ. కరెంటు లేదు, మోటారు లేదు. వేడిగాలి తేలిక కాబట్టి దానంతట అది పైకి పోయేది, పొగను తనతో తీసుకుపోయేది. అట్లాగని అవ్వ సుఖపడిందని చెప్పను. ఊదుగొట్టంతో ఊది ఊది ఆమె కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. కట్టెలు, పిడకల వంటి వాటి పొగవల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది ఆయువు తీరకుండానే పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చాక పల్లెల్లోకీ సిలిండరు చేరింది. కొండ మీద లడ్డూలు చేసే పోటులోనే 1984 దాకా కట్టెల పొయ్యిలే ఉండేవి, ఆ తర్వాతే గ్యాసు వచ్చింది.

గ్యాసు రాగానే మనం ఏమనుకున్నాం? పొగ పీడ పోయిందనుకున్నాం. గిన్నెల అడుగున మసి పోయింది, నిజమే. కానీ బాండలిలోంచి వచ్చేది ఎక్కడికి పోతుంది? అదే సమయంలో ఇళ్ళు మారాయి. గవాక్షి పోయి స్లాబు వచ్చింది. హాల్లో ఏసీ పెట్టి తలుపులు మూసేశాం. పొయ్యి మారింది, పొగకున్న పాత దారిని మూసేశాం, కొత్త దారి ఇవ్వలేదు.

బాండలిలోంచి వచ్చేదాన్ని మనం అంతా పొగ అనేస్తాం గానీ, అందులో నాలుగు రకాలున్నాయి. నీటి ఆవిరి ఒకటి. కంటికి కనపడనంత చిన్న నూనె తుంపరలు ఒకటి. ఎండుమిరపకాయ మాడినప్పుడు గొంతులో పట్టుకునే ఘాటు, దాంతో వచ్చే సన్నటి నుసి ఇంకొకటి. నాలుగోది మంటది. ఎంత నీలంగా మండినా గ్యాసు మంటలోంచి నైట్రోజన్ డయాక్సైడ్ అనే వాయువు వస్తుంది, అది ఉబ్బసం ఉన్నవాళ్ళకు పడదు. ఈ నాలుగింటిలో మన ఇంటిని పాడుచేసేది నూనె తుంపర. చెనక్కాయ నూనెలో అప్పడాలు వేయించారనుకోండి, ఆ తుంపర గాల్లో తేలుతూ పోయి చల్లటి వస్తువు మీద పడగానే అతుక్కుంటుంది. ఫ్రిజ్జు పైభాగం వేలితో గీసి చూడండి. పసుపురంగు జిడ్డు వస్తుంది. ట్యూబ్‌లైటు మీద, దేవుడి పటాల మీద, క్యాలెండరు మీద కూడా అదే. గోడకు పట్టిందంటే ఊపిరితిత్తుల దాకా పోదని ఎట్లా అనుకుంటాం?

అయితే అందరికీ చిమ్నీ కావాలా? నా పొట్ట కొట్టుకునే మాట ఒకటి చెబుతాను. అక్కర్లేదు. ఇంట్లో ఇద్దరే ఉన్నారు, వంటింటికి విడిగా తలుపు ఉంది, కిటికీ ఉంది, రోజూ వండేది సంకటి, పప్పు, పులగూర అయితే, పొయ్యికి దగ్గరగా, పై ఎత్తులో మంచి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టుకోండి. చాలు. వంటిల్లు హాల్లోకి తెరిచి ఉండే ఇళ్ళు ఇప్పుడు కరకంబాడి రోడ్డు వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా కడుతున్నారు. ఆ ఇళ్ళకు, రోజూ వేపుళ్ళు, వారానికి రెండుసార్లు నాటుకోడి వండే ఇళ్ళకు చిమ్నీ అవసరం. ఎందుకంటే ఫ్యాను గది మొత్తం గాలిని మారుస్తుంది. అప్పటికే పొగ గదంతా పరుచుకుని ఉంటుంది. చిమ్నీ పొగ పుట్టిన చోటే పట్టుకుంటుంది.

ఇక పెట్టె మీద రాసిన అంకె. గంటకు 1200 ఘనమీటర్లు, 1400, 1500 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది చూసే కొంటారు అందరూ. ఒక చిన్న లెక్క వేద్దాం. పది అడుగులు పొడవు, ఎనిమిది అడుగులు వెడల్పు, పది అడుగుల ఎత్తు వంటిల్లు. 800 ఘనపుటడుగులు. ఒక ఘనమీటరు అంటే సుమారు 35 ఘనపుటడుగులు. కాబట్టి మీ వంటింట్లో ఉన్న గాలి మొత్తం 23 ఘనమీటర్ల లోపే. గంటలో ఆ గాలిని పదిహేనుసార్లు మార్చాలన్నా 345 చాలు. మన తిరువాతలు, వేపుళ్ళు లెక్కలోకి తీసుకుని దాన్ని రెట్టింపు చేసినా 700 దాటదు. మరి 1200 అని రాసున్న యంత్రం పెట్టినా హాల్లో ఎందుకు దగ్గుతున్నారు?

ఎందుకంటే ఆ 1200 మామూలుగా గొట్టం తగిలించనప్పటి అంకె. ఫ్యాను ముందు అడ్డేమీ లేకుండా తిప్పితే తోసే గాలి అది. దానికి గొట్టం తగిలించి, రెండు వంపులు తిప్పి, చివర జాలీ పెట్టగానే ఆ అంకె పడిపోతుంది. ఎంత పడుతుందనేది మీరు వేయించుకున్న గొట్టాన్ని బట్టి ఉంటుంది. షాపులో 1500 కొని ఇంట్లో దాన్ని 400 చేసుకునే వాళ్ళను చూశాను. 1000 కొని 700 తీసుకునే వాళ్ళనూ చూశాను. రెండోవాళ్ళకే డబ్బు మిగిలింది.

నిన్న ఆ మూడిళ్ళలో నేను చూసింది చెబుతాను, ఎవరి ఇల్లని చెప్పను. పెట్టె నోరు ఆరంగుళాలు. గోడకు కొట్టిన రంధ్రం నాలుగంగుళాలు. పాత ఎగ్జాస్ట్ పైపు కోసం బిల్డరు వదిలిన రంధ్రం అది. కొత్తది కొడితే టైల్సు పగులుతాయని ఫిట్టరు ఒక రెడ్యూసరు పెట్టి ఆరును నాలుగు చేశాడు. ఆరులో నాలుగంటే మూడోవంతే కదా తగ్గిందని మనకు అనిపిస్తుంది. గొట్టం నోటి వైశాల్యం చూడండి. ఆరంగుళాల గొట్టానిది సుమారు 28 చదరపు అంగుళాలు, నాలుగంగుళాల దానిది పన్నెండున్నర. సగానికి తక్కువ. అంతే గాలి అందులోంచి పోవాలంటే రెండింతలకు మించిన వేగంతో పోవాలి, ఎదురయ్యే అడ్డు ఏడు రెట్లకు పైగా పెరుగుతుంది. మోటారుకు అంత బలం ఉండదు. అందుకే చప్పుడు ఎక్కువ, లాగడం తక్కువ. ఇంట్లో వాళ్ళు ఏమనుకుంటారు? "అబ్బా, ఎంత చప్పుడు చేస్తోందో, బాగా లాగుతున్నట్టుంది" అనుకుంటారు. (నవ్వులు)

నేను మాత్రం తక్కువ తిన్నానా? పనిలోకి వచ్చిన మొదటి ఏడాది, నన్ను పెట్టుకున్న కంపెనీ పేరు వద్దులెండి, రోజుకు నాలుగు బిగించాలని లెక్క పెట్టేవాళ్ళు. ఒకింట్లో అటక అడ్డొచ్చింది. అటక మీదుగా గొట్టం బయటికి తీయాలంటే రెండు గంటల పని. నేను గొట్టం కొసను అటక మీదే వదిలేసి, ముందు చెక్క తలుపు మూసి, సంతకం పెట్టించుకుని వచ్చేశాను. ఆర్నెల్లకు ఆ ఇంటి పెద్దమ్మ ఫోన్ చేసింది. అటక మీద దాచిన పెళ్ళినాటి ఇత్తడి సామాను, కొత్త పరుపు, రెండు పట్టుచీరలు జిడ్డుతో తడిసిపోయాయి. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. "నీకు తెలియక చేశావులే నాయనా" అంది. తెలిసే చేశాను. ఆ తర్వాత నా సొంత డబ్బుతో గోడ కొట్టించి గొట్టం మార్చాను గానీ చీరలు తిరిగి రాలేదు. ఫాల్స్ సీలింగు పైన గొట్టం కొస వదిలేసే పని ఇప్పటికీ జరుగుతోంది. మీ ఇంట్లో బిగించాక బయటికి వెళ్ళి, గొట్టం కొస కంటితో చూడండి. చూడకుండా సంతకం పెట్టకండి.

గొట్టం ఎట్లా ఉండాలి? ఆరంగుళాలకు తగ్గకూడదు. ఎంత పొట్టిదైతే అంత మంచిది, ఎనిమిది పది అడుగులు దాటితే నాకు మనసొప్పదు. వంపులు రెండుకు మించకూడదు, అవి కూడా మోచేయిలా విరిగినట్టు కాకుండా గుండ్రంగా తిరగాలి. అకార్డియన్ పెట్టెలాగా ముడుచుకునే అల్యూమినియం గొట్టం వాడతారు కదా, దాన్ని పూర్తిగా సాగదీసి, మిగిలిన ముక్క కోసేయాలి. మిగిలింది లోపలికి కుక్కితే ప్రతి మడతలో నూనె నిలుస్తుంది, గాలి తట్టుకుంటుంది. వీలైతే నున్నటి రేకు గొట్టం వేయించుకోండి. ప్లంబరు దగ్గర మిగిలిన ప్లాస్టిక్ పైపు వేస్తామంటే వద్దనండి. వేడి, నూనె, నిప్పు ఉన్నచోట ప్లాస్టిక్ ఎందుకు?

ఇల్లు కట్టుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? మీరు, అన్నా, తిరుచానూరు దగ్గర స్లాబు వేశారన్నారు కదా. అయితే ఇది మీకు. వంటింటి గట్టు ఎత్తు 33 అంగుళాలు. పొయ్యి ఎత్తు ఐదు. పొయ్యి నుంచి చిమ్నీ అడుగుకు 28. పెట్టె ఎత్తు సుమారు 18. కలపండి. 84 అంగుళాలు, ఏడడుగులు. గొట్టం మొదలయ్యేది అక్కడ. ఏడడుగుల ఎత్తులో మీ ఇంట్లో ఏముంటుంది? లింటెల్ ఉంటుంది, అదే తలుపులు, కిటికీల పైన పోసే కాంక్రీటు పట్టీ. చాలా ఇళ్ళలో అటక స్లాబు కూడా అక్కడే ఉంటుంది. పైన స్లాబు కింద బీము ఉంటుంది. అంటే గొట్టానికి దొరికేది ఈ రెండింటి నడుమ ఇటుక గోడ ఉన్న కొద్దిపాటి చోటే. ఆ చోటు ఖాళీగా ఉంచమని మేస్త్రీకి ఇప్పుడే చెప్పండి. ఏడంగుళాల పైపు ముక్క ఒకటి గోడలో పెట్టి ప్లాస్టరింగు చేయించుకోండి. పొయ్యి పైన అటక వేయించకండి. ఈ పని ఇప్పుడు దాదాపు ఉచితం. గృహప్రవేశం అయ్యాక కోర్ కటింగ్ మిషను తెప్పించాలి, దుమ్ము, డబ్బు, ఆపైన లింటెల్ కమ్మీ తగులుతుందేమోనని టెన్షన్. బీముకు, పిల్లరుకు మాత్రం ఎవరు చెప్పినా రంధ్రం కొట్టనివ్వకండి. పొగకోసం ఇంటి ఎముక విరగ్గొట్టుకోకూడదు.

వాస్తు అడుగుతారు, నాకు తెలుసు. పొయ్యి ఆగ్నేయంలో, వండేవాళ్ళు తూర్పు ముఖంగా ఉండాలంటారు. నమ్మినా నమ్మకపోయినా గొట్టం లెక్క ప్రకారం అది మంచి మూల. మూలలో రెండు బయటి గోడలుంటాయి, తూర్పు కాకపోతే దక్షిణం, అడుగున్నరలో గొట్టం బయటపడుతుంది. చిక్కు ఎక్కడంటే, పాత ఊళ్ళో ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. మీ ఆగ్నేయం బయట పక్కింటివాళ్ళ పడకగది కిటికీ ఉంటుంది. మీ నాటుకోడి పొగ వాళ్ళ పరుపు మీద పడితే చిమ్నీ బాగా పనిచేసినట్టే గానీ, వీధిలో మాటలు ఆగిపోతాయి. అట్లాంటి చోట గొట్టాన్ని గోడ వెంబడి పైకి, మేడ మీదికి తీసుకుపోవాలి. మీ అపార్ట్‌మెంట్‌లో బాత్రూం కిటికీలు తెరుచుకునే సన్నటి షాఫ్ట్ ఉంది కదా, అందులోకి వదలకండి. ఒకింటి పొగ ఇంకో ఇంటి బాత్రూంలో తేలుతుంది. సెక్రటరీ సారు, ఇది మీరే మీటింగులో తీర్మానం చేయాలి.

గొట్టం బయటి కొసకు మన తిరుపతిలో మూడు శత్రువులు. వాన, పావురం, కోతి. మనకు గట్టి వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వానలు ఎవరూ మరిచిపోలేదు. ఆ వారం తర్వాత నాకు వచ్చిన ఫోన్లలో సగం చిమ్నీ లోంచి నీళ్ళు కారుతున్నాయనే. గొట్టాన్ని లోపలి నుంచి బయటికి కాస్త వాలుగా పెట్టాలి, కొస కిందికి చూసే మూత పెట్టాలి. వాలు లోపలికి ఉంటే వాన నీళ్ళు సరాసరి మోటారు మీద పడతాయి. పావురాలకు జాలీ పెట్టాలి, కానీ దోమతెర అంత సన్నటిది కాదు. సన్నజాలీకి రెండు నెలల్లో నూనె పట్టి మూసుకుపోతుంది. అరంగుళం కళ్ళున్న జాలీ చాలు. మూత లోపల గాలి తోస్తే తెరుచుకుని, ఆగితే మూసుకునే రెక్క ఒకటి ఉండేది కొనండి, బల్లులు, బొద్దింకలు రావు. ఇక కోతులు. కపిలతీర్థం, అలిపిరి వైపు ఇళ్ళలో అల్యూమినియం గొట్టం బయట వేలాడితే కోతులు దాన్ని పీకి ఆడుకుంటాయి. అటువైపు నేను బయట గట్టి రేకు గొట్టమే వేస్తాను, గోడకు క్లాంపులు బిగించి.

పెట్టె సంగతికి ఇప్పుడొచ్చాను చూడండి, అరగంట తర్వాత. (నవ్వులు) వెడల్పు పొయ్యికి తగ్గకూడదు. పొగ పైకి పోతూ వేపచెట్టులాగా విచ్చుకుంటుంది. రెండు బర్నర్ల పొయ్యికి 60 సెంటీమీటర్లు, మూడు నాలుగు బర్నర్లకు 75 గానీ 90 గానీ. ఎత్తు గ్యాసు పొయ్యి పైనుంచి 65 నుంచి 75 సెంటీమీటర్లు, అంటే 26 నుంచి 30 అంగుళాలు. మీ మోడలుతో వచ్చిన పుస్తకంలో వేరే కొలత ఉంటే అదే పాటించండి. ఇంట్లో వంట చేసేవాళ్ళను నిలబెట్టి కొలవమని ఫిట్టరుకు చెప్పండి. నేను టేపు పెట్టే ముందు, "అమ్మా, ఒకసారి సంకటి గెలికినట్టు వంగండి" అంటాను. నవ్వుతారు. కానీ తల తగులుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. తల తగులుతోందని మూడడుగుల పైకి ఎత్తిస్తే పొగ పక్కలకు జారిపోతుంది. వాలుగా ఉండే మోడళ్ళు తలకు తగలవు, చూడ్డానికి బాగుంటాయి. అయితే పొగను పట్టి నిలిపే గిన్నెలాంటి చోటు వాటి అడుగున తక్కువ. నా ఇంట్లో పాతకాలం గొడుగులాంటిదే ఉంది.

ఫిల్టర్లు మూడు రకాలు. అల్యూమినియం జాలీ పొరలది చవక, కానీ పది రోజులకోసారి కడగకపోతే మూసుకుపోతుంది. స్టీలు పట్టీలు వంచి చేసిన బ్యాఫిల్ ఫిల్టరు మన వంటకు సరిపోతుంది. గాలి ఆ వంపుల్లో గబగబా తిరుగుతుంది, బరువైన నూనె తుంపర అంత వేగంగా తిరగలేక స్టీలుకు కొట్టుకుని కిందికి కారుతుంది. బస్సు ఘాట్ రోడ్డు మలుపు తిరిగితే మనం కిటికీ వైపు ఒరిగిపోతామే, అదే సూత్రం. మూడోది ఫిల్టరే లేనిది, అందులో మోటారు చక్రమే తిరిగే ఊపుకు నూనెను పక్కకు విసిరి గిన్నెలో పడేస్తుంది.

ఆటో క్లీన్ అనే బటను గురించి రెండు మాటలు. ఆ పేరు పెట్టిన మనిషి ఎప్పుడూ అంట్లు తోమి ఉండడు. అది మోటారు చక్రం చుట్టూ ఉన్న జిడ్డును హీటరుతో కరిగించి గిన్నెలోకి జారుస్తుంది. అంతే. ఆ గిన్నె మీరే పారబోయాలి. పెట్టె పైభాగం మీరే తుడవాలి. బ్యాఫిల్ ఉంటే అదీ మీరే కడగాలి. వేడినీళ్ళు, అంట్లు తోమే సబ్బు, కాస్త సోడా ఉప్పు వేసి నానబెడితే చాలు, అల్యూమినియం జాలీకి మాత్రం సోడా వద్దు, నల్లబడుతుంది. పదిహేను రోజులకోసారి ఆ బటను నొక్కితే ఉపయోగం. రెండేళ్ళు మరిచిపోయి నొక్కితే గడ్డకట్టిన జిడ్డు కరగదు, వాసన మాత్రం వస్తుంది.

గొట్టం లేని చిమ్నీ గురించి అడిగారు ఒకాయన, అద్దె ఇల్లట. అందులో గాలి బొగ్గు ఫిల్టరు గుండా పోయి మళ్ళీ వంటింట్లోకే వస్తుంది. జిడ్డు కొంత, వాసన కొంత తగ్గుతాయి. వేడి, ఆవిరి, మంటలోంచి వచ్చే వాయువులు అక్కడే ఉంటాయి. బొగ్గు మూడు నుంచి ఆరు నెలలకు మార్చాలి, ఆ ఖర్చు కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. అద్దె ఇంట్లో నేనైతే కిటికీ అద్దం ఒకటి తీయించి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టుకుంటాను. ఖాళీ చేసేటప్పుడు అద్దం మళ్ళీ బిగించి పోవచ్చు, ఓనరు కూడా ఏమీ అనడు.

చాలామంది పట్టించుకోనిది ఒకటుంది, దానికోసమే ఇంత దూరం వచ్చాను. చిమ్నీ గాలిని బయటికి తోస్తే, అంత గాలీ ఎక్కడినుంచో లోపలికి రావాలి. తలుపులన్నీ మూసి ఏసీ వేసుకుంటే ఏది వస్తుంది? బాత్రూం కిటికీలోంచి, బాత్రూం నేలలో నీళ్ళు పోయే చోట ఉండే నహానీ ట్రాపు ఎండిపోయి ఉంటే అందులోంచి వస్తుంది. "చిమ్నీ వేస్తే బాత్రూం వాసన వస్తోంది" అని ఒకరు చెబితే అందరూ నవ్వారట, అది నిజమే. పొయ్యికి దూరంగా ఉన్న ఒక కిటికీ నాలుగంగుళాలు తెరిచిపెట్టండి. పొయ్యి పక్కనే ఉన్న కిటికీ మాత్రం మూయండి, లేకపోతే అడ్డగాలి పొగను చిమ్నీ కిందినుంచి తన్నుకుపోతుంది. సీలింగు ఫ్యాను, ఎదురుగోడకున్న ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా అదే పని చేస్తాయి. ఇంట్లో గ్యాస్ గీజరు ఉందా? ఉంటే ఇంకా జాగ్రత్త. ఇల్లు మూసి ఉన్నప్పుడు చిమ్నీ గట్టిగా లాగితే గీజరు వదిలిన విషవాయువు బయటికి పోకుండా వెనక్కి ఇంట్లోకి రావచ్చు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. గ్యాస్ గీజరు ఇంటి బయటే ఉండాలి. ఈ మాట చిమ్నీ కొన్నా కొనకపోయినా గుర్తుపెట్టుకోండి.

కరెంటు సంగతి రెండు ముక్కల్లో. 200 వాట్ల మోటారు రోజుకు గంటన్నర తిరిగితే నెలకు తొమ్మిది యూనిట్లు. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్టు పెట్టె పక్కన పై ఎత్తులో ఉండాలి, పొయ్యి మీదుగా వైరు వేలాడకూడదు. ధర పది వేల నుంచి ముప్పై వేల దాకా ఉంటుంది. "ఫ్రీ ఇన్‌స్టలేషన్" అంటే పెట్టె గోడకు బిగించడం ఒక్కటే కావచ్చు. గొట్టం, మూత, గోడ కోత విడిగా అడుగుతారు. డబ్బు కట్టేముందే అడిగి రాయించుకోండి.

నిప్పు. గిన్నె పెట్టకుండా బర్నరు పెద్దమంట మీద వదిలి చిమ్నీ వేయకండి, మంట ఫిల్టరు జిడ్డును అందుకుంటుంది. ఎప్పుడైనా బాండలి అంటుకుంటే ముందు పొయ్యి, చిమ్నీ రెండూ ఆపండి. ఫ్యాను తిరుగుతుంటే మంటను గొట్టంలోకి లాగుతుంది. బాండలి మీద మూత వేయండి. నీళ్ళు మాత్రం చల్లకండి, కాగిన నూనె మీద నీళ్ళు పడితే మంట పైకప్పు దాకా లేస్తుంది. మంట చిమ్నీ లోపలికి పోయిందంటే మీరేమీ చేయకండి, అందరూ బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి.

ఇక మీరు అడగండి.

(ఒక పెద్దావిడ అడిగారు: "నాయనా, తిరువాత వాసన ఇంట్లోకి రాకపోతే కూర ఉడికిందో మాడిందో ఎట్లా తెలిసేది?")

పెద్దమ్మా, ఇంతవరకు నన్ను ఎవరూ ఇట్లాంటి ప్రశ్న అడగలేదు. (నవ్వులు) నిజం చెప్పాలంటే మా అమ్మ కూడా చిమ్నీ వేసిన మొదటి వారం బీన్సు తాళింపు మాడబెట్టింది. తిరువాత గింజలు చిటపటలాడేటప్పుడు చిన్న స్పీడులో పెట్టుకోండి, పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ళకు వాసన వస్తుంది. మిరపకాయ వేసేటప్పుడు పెంచండి. పొయ్యి ఆపాక ఐదు నిమిషాలు తిరగనివ్వండి.

(ఒక యువకుడు: "ఇండక్షన్ పొయ్యి అయితే చిమ్నీ అవసరం లేదు కదా అన్నా?")

మంట నుంచి వచ్చే వాయువు ఉండదు, అంతవరకు మంచిదే. కానీ అప్పడం వేయించిన నూనెకు కింద మంట ఉందో కాయిలు ఉందో తెలియదు కదా తమ్ముడూ. తుంపర అంతే వస్తుంది. పైగా చుట్టూ వేడిగాలి తక్కువ కాబట్టి పొగ నెమ్మదిగా లేచి పక్కలకు పోతుంది. చిమ్నీని కాస్త ముందుగానే వేసుకోవాలి.

(సెక్రటరీ గారు: "మరి ఆ మూడిళ్ళ సంగతి?")

అదే చెప్పి ముగిస్తాను. మోటార్లు మార్చొద్దు, కొత్తవి కొనొద్దు. రెండిళ్ళలో గోడ ఇటుకదే, లింటెల్‌కు పైన చోటుంది. నాలుగంగుళాల రంధ్రాన్ని ఏడుకు పెంచి, కొత్త గొట్టం వేస్తే సరిపోతుంది. మూడో ఇంట్లో రంధ్రం చుట్టూ బీము ఉంది, అక్కడ కిటికీ పై అద్దం తీసి అందులోంచి గొట్టం తీయాలి. చూడ్డానికి అంత బాగుండదు, ముందే చెబుతున్నాను. బుధవారం వస్తాను. వచ్చేటప్పుడు ఒక అగరబత్తి వెలిగించి ఉంచండి, దేవస్థానం గుళ్ళలో వాడిన పూలతో చేస్తున్నారే, అదైనా సరే. చిమ్నీ వేసి ఆ అగరబత్తిని పొయ్యి నాలుగు అంచుల దగ్గరా పట్టుకుంటాను. పొగ తీగ వంగి పైకి పోతే నాకు డబ్బివ్వండి. మీ ముఖం మీదికి వస్తే ఇవ్వకండి.